డేగ కోసం ఆగిన గాలి

హమ్మాదీ డేగను వదల్లేదు. జరిగిన తప్పు అదే.

సముద్రపు ఒడ్డున ఉన్న హవారియా ఊళ్ళో మార్చి నెలలో కొండ మీద వల పన్ని డేగను పడతారు. మగదైతే అక్కడికక్కడే వదిలేస్తారు, వేటకు ఆడదే పనికొస్తుంది. దాన్ని చేతిమీద పెట్టుకుని కాఫీ హోటలుకూ బజారుకూ తిప్పి మనుషుల సందడి అలవాటు చేస్తారు. పూరేడు పిట్టల వేట అయిపోయాక, జూన్ మొదట్లో, కొండ అంచున నిలబడి వదిలేస్తారు. అది సముద్రం దాటి తన దారిన పోతుంది.

ఆ ఏడాది డేగల పండగలో, ఊరంతా చూస్తుండగా, హమ్మాదీ తన డేగను పిట్టల మీదికి ఏడుసార్లు విసిరితే అది ఏడు పూరేళ్ళు పట్టింది. ఇరవై ఏళ్ళలో అలాంటిది లేదు. వదిలే రోజున అందరూ కొండెక్కారు. హమ్మాదీ జ్వరమన్నాడు. అతని భార్య మహర్జియా నుదురు తాకి చూసింది. చల్లగా ఉంది.

మర్నాడు పొద్దున్నే గాలి ఇంట్లోకొచ్చి మకాం పెట్టింది. డేగను సముద్రం దాటించాల్సిన గాలి అది. మహర్జియా బడిలో లెక్కలు చెబుతుంది. దిద్దాల్సిన కాయితాల మీద చెప్పు పెట్టింది, గోధుమనూక కుస్‌కుస్ వండిన గిన్నె మూత మీద రాయి పెట్టింది, తన పని తను చూసుకుంది.

పక్కింటి ఫౌజియా తడిబట్టల బకెట్టుతో వచ్చింది. "వదినా, బయట ఆకు కదలట్లేదు. రెండు దుప్పట్లు మీ నడింట్లో ఆరేసుకుంటా."

"ఆరేసుకో. క్లిప్పులు గట్టిగా పెట్టు."

సాయంత్రం షాద్లీ బాబాయి వచ్చాడు. మహర్జియా తండ్రితో కలిసి నలభై ఏళ్ళు డేగల్ని ఆడించిన మనిషి. టోపీ ఎగిరిపోకుండా చేత్తో పట్టుకునే మాట్లాడాడు.

"ఏరా, ఈ గాలి శుక్రవారం దాకా ఆగుతుందేమో. మా చిన్నప్పుడూ ఒకరింట్లో ఇలాగే కాచుక్కూర్చుని, విసుగెత్తి పోయింది. మిగిలిపోయిన డేగ జూలై ఎండకు చచ్చింది."

"నాది చావదు బాబాయ్. నా చేత్తో తినిపిస్తా."

"అతనూ అదే అన్నాడు."

గురువారం మధ్యాహ్నానికి డేగ మాంసం ముట్టి రెండు రోజులైంది. హమ్మాదీ పిడికిలి మీద కూర్చుని తలుపు వైపే చూస్తోంది. గాలి కూడా గుమ్మం దగ్గరికి జరిగింది.

"వదిలెయ్యి," అంది మహర్జియా.

"నావల్ల కాదే. ఇలాంటిది మళ్ళీ దొరకదు."

"దొరకదు. ఏడుకు ఏడు పట్టిన డేగ అని ఊరు చెప్పుకుంటోంది. హమ్మాదీ ఇంట్లో చచ్చిన డేగ అని చెప్పుకోవాలా?"

అతను డేగ వీపు నిమిరాడు.

"ఇటివ్వు. నేను విసురుతా."

"ఆడవాళ్ళు విసరరు."

"మగ డేగ పనికిరాదని వల్లోంచే తోలేస్తారు కదయ్యా. విసరడానికి మాత్రం మగాడే కావాలా?"

హమ్మాదీకి నవ్వొచ్చింది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని చెయ్యి చాచాడు. ఆమె చేపలు కోసే కత్తితో డేగ కాళ్ళకున్న తోలు పట్టీలు కోసింది. తండ్రి విసిరినట్టే, దాని రొమ్ము అరచేతిలో ఆనించి పట్టుకుని, గుమ్మంలోంచి విసిరింది. ఇంట్లోని గాలంతా ఒక్క ఊపున దాని వెనకే పోయింది. ఫౌజియా దుప్పటి ఒకటి కూడా పోయింది.

కొండ మీదున్న షాద్లీ బాబాయి చూశాడు. డేగ ఒక్కసారి కూడా రెక్క తడబడకుండా నీళ్ళ మీదికి వెళ్ళిందట. "వాళ్ళ నాన్న చెయ్యే," అని కాఫీ హోటల్లో అందరికీ చెప్పాడు. హమ్మాదీ అతని పక్కనే ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మహర్జియా ఒకటే మాట అంది. "ఇక పట్టడం నీ పని, వదలడం నా పని."

పదకొండేళ్ళయింది. జూన్ రాగానే గాలి ముందు వాళ్ళ గుమ్మం దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఫౌజియా దుప్పట్లు లోపల పెట్టుకుంటుంది. మహర్జియా అంగీ చేతులు పైకి మడిచి, డేగను చేతిలోకి తీసుకుని, కొండెక్కుతుంది. గాలిని ఆ ఏడు తర్వాత ఒక్క పూట కూడా కాచుకోనివ్వలేదు.