బాయి బట్టలు

బాయి బట్టలను, అంటే బొగ్గుగనిలో తొడిగిన వాటిని, నీళ్లలో వేసే ముందు దులపాలి. దులపకుండా నానబెడితే బొగ్గుపొడి నూలులోకి దిగిపోతుంది, ఆ తర్వాత ఎంత సబ్బు పెట్టినా రాదు. నా పెళ్లయిన నాలుగో రోజున మా అత్త బాలలక్ష్మి ఈ సంగతి చెప్పి, ఆయాసపడుతూ బట్టల సంచీ నా చేతికిచ్చింది. "నాకు దమ్మొస్తుంది పిల్లా. ఇయ్యాల్టికి నువ్వు దులుపు. బయట దులుపకు, పక్కోల్ల బట్టల మీద పడ్తదని లొల్లి చేస్తరు. బాత్రూంల తలుపేసుకొని దులుపు." శ్రీరాంపూర్‌లో మా కాలనీ క్వార్టర్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఒకరింట్లో పోపు వేస్తే ఇంకొకరింట్లో తుమ్ముతారు. కాబట్టి అత్త చెప్పింది సబబే అనిపించింది. అప్పటినుంచి ఇరవై రెండేళ్లుగా, వారానికి ఆరు రోజులు, నాలుగడుగుల బాత్రూంలో తలుపు మూసుకుని మా ఆయన పరశురాములు బట్టలు దులుపుతూనే వచ్చాను.

మూడేళ్లుగా దులిపేటప్పుడు మాస్కు పెట్టుకుంటూ వచ్చాను. ఆకుపచ్చ లైనింగు గుడ్డతో కుట్టింది. ఉతికీ ఉతికీ రంగు వెలిసి, ఒక చెవి తాడు సాగిపోతే ముడి వేశాను. కాలనీలో అందరూ మాస్కులు తీసేసి ఏడాది దాటింది. నాది మాత్రం బాత్రూం తలుపు వెనక మేకుకు వేలాడుతూనే ఉంది. అది కంటబడినప్పుడల్లా మా ఆయనకు నవ్వొస్తుంది. "కరోనా పోయిందే స్వరూపా. నీకెవ్వలు చెప్పలేదా?" అంటాడు. ఆ మాట ఆయనకెంత నచ్చిందంటే, ఆయనతో పనిచేసే కైలాసం ఇంటికి వచ్చినప్పుడు నన్ను పిలిచి మరీ ఇంకోసారి అన్నాడు. కైలాసం నవ్వాడు. నేను చాయ్ ఇచ్చి లోపలికి వచ్చేశాను. కోపం రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. గ్లాసులు కడుగుతుంటే తగ్గింది. నా కోపాలన్నీ ఏదో ఒకటి కడుగుతున్నప్పుడే తగ్గుతాయి.

ఆ మాస్కు నా దగ్గరికి వచ్చింది మొదటి కరోనా ఎండాకాలంలో. ఊరంతా తలుపులు వేసుకుని కూర్చున్నా బాయి నడుస్తూనే ఉండేది. మా ఆయనకు డ్యూటీలో ఒక డబ్బా నిండా మాస్కులు, ఒక సీసా శానిటైజరు ఇచ్చారు. ఆయన వాటితోపాటు కొన్ని రూల్సు కూడా ఇంటికి తెచ్చాడు. షిఫ్టు నుంచి రాగానే గేటు దగ్గరే ఆగేవాడు. నేను చేతుల మీద సబ్బు నీళ్లు పోయాలి. చెప్పులు బయటే విడవాలి. వేడినీళ్లు ముందే తోడి ఉంచాలి. ఆయన స్నానం చేసి బట్టలు మార్చుకునే దాకా ఎవరూ దగ్గరికి రాకూడదు. బట్టల సంచీ గేటు పక్కన పెట్టేవాడు. అరుగు మీద నుంచి అత్త కేకేసేది. "గా సంచి ఎవ్వలు ముట్టొద్దు. రచనా, జర దూరముండు బిడ్డా. స్వరూప తీస్తది."

నేను తీశాను. బాత్రూంలోకి తీసుకెళ్లి తలుపు వేసుకుని ఎప్పటిలాగే దులిపాను. పాంటు సగం దులిపాక ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. ఎవ్వలు ముట్టొద్దు, స్వరూప తీస్తది. అంటే నేను ఆ 'ఎవ్వలు'లోకి రాను. అత్త చెడ్డ మనిషి కాదు. మా అమ్మాయి రచన పుట్టినప్పుడు మూడు నెలలు నా కాళ్లకు నూనె రాసింది. నా మీద కక్షతో అన్న మాట కాదది. అసలు ఆలోచించి అన్న మాటే కాదు. ఆలోచించకుండా నోటికి వచ్చింది కాబట్టే నాకు ఎక్కువ బాధేసింది.

మర్నాడు మా ఆయన్ని అడిగాను. "ఆ డబ్బల నుంచి నాకొక మాస్కియ్యి."

"నువ్వేడికి పోతవే?" అన్నాడు. నిజంగానే అర్థం కాక అడిగాడు. "ఇంట్లనే ఉంటవు గద. గవి బయటికి పోయేటోల్లకు."

డబ్బా టీవీ మీదే ఉండేది. తీసుకుంటే తీసుకోవచ్చు. కాదన్న తర్వాత తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు. కొంగు ముక్కుకు చుట్టుకుని దులిపాను. చేతులు పైకెత్తగానే కొంగు జారిపోయేది.

మా వెనక క్వార్టరులో షాజాదీ బేగం ఉంటుంది. జాకెట్లు కుడుతుంది. ఆ ఏడు పెళ్లిళ్లు లేక మిషను ఖాళీగా ఉండటంతో మిగిలిపోయిన లైనింగు ముక్కలతో మాస్కులు కుట్టి వాడకట్టు అంతా పంచింది. గోడ మీదుగా నాకూ ఒకటి ఇచ్చింది. ఎక్కడికి పోతావని అడగలేదు. "స్వరూపా, జర ముక్కు మీదికెల్లి పెట్టు. ఒక్క మూతికే పెడితే ఏం ఫాయిదా?" అని మాత్రం చెప్పింది.

ఆ రోజు దులపడం అయ్యాక మాస్కు తీసి చూశాను. ఆకుపచ్చ రంగు కనబడలేదు. ముక్కు దగ్గర, నోటి దగ్గర నల్లగా, వేలు పెడితే వేలికి అంటేంత మందంగా పట్టింది. అద్దంలో నా నుదురు, కళ్ల చుట్టూ నలుపు. మాస్కు ఉన్న మేర మాత్రం నా అసలు రంగు. దాన్ని మగ్గు నీళ్లలో ముంచితే నీళ్లు మురిక్కాలవలా మారాయి. ఒక్క రోజుది. అప్పటికి పెళ్లయి పంతొమ్మిదేళ్లు. ఇన్ని రోజులు ఇదంతా ఎక్కడికి పోయిందో ఆలోచించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మొదటి పదేళ్లు బొగ్గు సిగిడి మీదే వంట. గ్యాసు తెద్దామంటే "ఇంట్ల బొగ్గుండంగ గ్యాసెందుకే" అని మా ఆయన అన్న మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది. మాస్కు తీసుకెళ్లి మా ఆయనకు చూపించాను. అన్నం తింటున్నాడు.

"గింత దానికేనా?" అన్నాడు. "బాయిల నేను గింతకు పదింతలు మింగుత."

అక్కడే నా నోరు ఎప్పుడూ పడిపోతుంది. ఆయన భూమి కిందికి దిగుతాడు. పైకప్పు ఎప్పుడు కూలుతుందో తెలియని చోట ఎనిమిది గంటలు పనిచేసి వస్తాడు. సైరను వేళకాని వేళ మోగితే కాలనీలో ఆడవాళ్లందరం గేట్ల దగ్గరికి పరుగెత్తుతాం. అలాంటి మనిషి ముందు నా దుమ్ము గురించి ఎట్లా మాట్లాడాలి? ఒకసారి మాత్రం అడిగాను. "బాయి మీద అంత జాగుంది గద, ఆడనే ఒకసారి దులుపుకొని రారాదా?" "ఇంట్ల ఆడదుండంగ బాయి మీద బట్టలు దులుపుకుంటే నల్గురు నవ్వరా?" అన్నాడు. ఆ నల్గురిలో ఒకడైన కైలాసం భార్య కూడా తలుపు వేసుకునే దులుపుతుంది. నాకు తెలుసు, ఆమె దగ్గు మా ఇంటి దాకా వినబడుతుంది.

మరుసటి ఏడు మే నెలలో ఆయనకు కరోనా వచ్చింది. నడిమి గదిలో పడుకోబెట్టాం. పళ్లెం గుమ్మం దగ్గర పెట్టి, నేను వెనక్కి జరిగాక ఆయన తీసుకునేవాడు. మూడు రోజులకు నాకూ వచ్చింది. నాకు గది లేదు, వంటింట్లోనే చాప వేసుకున్నాను. "నీది తక్కువనే ఉంది" అని ఆయన గదిలోంచే తేల్చేశాడు. తక్కువే కదా అని వంట నేనే చేశాను. వేడికి పురుగు చస్తుందని అత్త నమ్మకం. నా చేతి వంట తిన్న అత్తకూ రచనకూ ఏమీ కాలేదు. అది మాస్కు చలవో అదృష్టమో నాకు తెలియదు.

ఆయాసం తగ్గకపోయేసరికి ఇద్దరం కరీంనగర్ వెళ్లి ఛాతీ స్కాను తీయించుకున్నాం. డాక్టరమ్మ చిన్నది. మొహం మీద ప్లాస్టిక్ తొడుగు, దానికింద రెండు మాస్కులు. రెండు ఫిల్ములూ లైటు ముందు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత కవర్లు తిప్పి పేర్లు చూసింది. మళ్లీ ఫిల్ములు చూసింది.

"ఈ రెండు కవర్లు తారుమారైనట్టున్నయి" అంది. "బాయిల పనిచేసేది మీరే కదా?"

"నేనే మేడం. ఇరవై నాలుగేండ్ల సర్వీసు" అన్నాడు మా ఆయన నిటారుగా కూర్చుని.

ఆమె బయటికి ఫోను చేసి కనుక్కుంది. కవర్లు సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు మొదటిసారి నా వైపు తిరిగింది. "మీరు గూడ బాయిల పనిచేసిన్రా అమ్మా?"

నేను నోరు తెరిచేలోపు మా ఆయన నవ్వాడు. దగ్గు వస్తున్నా నవ్వాడు. "అదేడ పనిచేస్తది మేడం? ఇంట్ల ఖాళీగనే ఉంటది."

డాక్టరమ్మ నవ్వలేదు. నా ఫిల్ములో ఉన్నవి కరోనా మచ్చలు కావని, పాతవని, ఏళ్ల తరబడి దుమ్మూ పొగా పోయిన ఛాతీ ఇట్లా ఉంటుందని చెప్పింది. ఒక్క ఫిల్ము చూసి అంతా చెప్పలేనంది. "కాని ఆ దుమ్ము ఎక్కడి నుంచి వస్తుందో మీకు తెలిసే ఉంటది. ఇగ దానికి దూరముండాలె. లేకుంటే దమ్ము పెరుగుడే కాని తగ్గుడుండది." నేను తలూపాను. తిరిగి వచ్చేటప్పుడు కిరాయి కారులో మా ఆయన కిటికీ అద్దం దించుకున్నాడు. "డాక్టర్లు గట్లనే బెదిరిస్తరు" అన్నాడు. ఇంటికి వచ్చాక అత్త ఏమన్నారని అడిగితే స్కానులో వచ్చిన తన కరోనా స్కోరు చెప్పాడు. నా గురించి "దానికి గూడ జరంత ఉందట" అన్నాడు.

ఆ తర్వాత కూడా రెండేళ్లు నేనే దులిపాను. ఎందుకు దులిపావని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర మంచి జవాబు లేదు. మాస్కు పెట్టుకుంటున్నాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మేకుకు వేలాడే ఆ గుడ్డ ముక్కను చూస్తే ఏదో ఎదిరించినట్టే ఉండేది. దాంతో సరిపెట్టుకున్నాను.

మొన్న గురువారం సరిపెట్టుకోవడం కుదరలేదు. మధ్యాహ్నం నల్లా నీళ్లు వస్తే నాలుగు బిందెలు మోసి గుమ్మంలో కూలబడ్డాను. ఊపిరి అందడం లేదు. మా ఆయన ఫస్టు షిఫ్టు నుంచి వచ్చి, సంచీ బాత్రూం ముందు పెట్టి, స్నానం చేసి, చాయ్ గ్లాసుతో కుర్చీలో కూర్చున్నాడు. అత్త మంచం మీద చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి నిజంగానే జాలిపడింది. కాలేజీ నుంచి వచ్చి ఫోను చూసుకుంటున్న రచనను పిలిచింది.

"మీ అమ్మకు దమ్మొస్తుంది బిడ్డా. ఇయ్యాల్టికి నువ్వు దులుపు. తలుపేసుకొని దులుపు."

రచన మారు మాట్లాడకుండా లేచింది. సంచీ చేతిలోకి తీసుకుని, తలుపు వెనక మేకు మీది మాస్కు తీసి, రెండు చెవులకు తగిలించుకుని, ముక్కు మీదికి సర్దుకుంది. తాడు ముడి ఎటుండాలో కూడా దానికి తెలుసు. ఎన్ని రోజులుగా నన్ను చూస్తోందో. ఇయ్యాల్టికి. నా నాలుగో రోజున అత్త అన్నదీ సరిగ్గా ఈ మాటే. అప్పుడు అత్తకు ఎందుకు దమ్మొచ్చిందో నేనెన్నడూ అడగలేదు. మామ కూడా బాయిలోనే పనిచేశాడు. అడగాల్సింది.

లేచాను. గోడ పట్టుకునే లేచాను. బాత్రూం గడపలో ఉన్న రచన చేతిలోంచి సంచీ లాక్కున్నాను. మొహం మీది మాస్కు తీశాను. "అమ్మా, నేను చేస్త తియ్, నీకు బాగలేదు గద" అంది. "నీ పని కాదు బిడ్డా. నువ్వు పోయి కూసో" అన్నాను. అది ముందు నన్ను, తర్వాత వాళ్ల బాపును చూసింది.

సంచీ తీసుకెళ్లి ఆయన ఒళ్లో పెట్టాను. గ్లాసు తొణికి చాయ్ లుంగీ మీద పడింది.

"నీ బట్టలు నువ్వు దులుపుకో" అన్నాను.

ఆయన నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపాడు. సంచీని దూరంగా, మోకాళ్ల దాకా తోశాడు.

"నేనా? గా నాలుగడుగుల అర్రల తలుపేసుకొని దులిపితే గా దుమ్మంత నా ఛాతిలకు పోదా?"

అన్నాక గాని ఆ మాట ఆయనకే వినబడలేదు. అత్త చేతిలో చింతపండు ఆగిపోయింది. ఆమె నా వైపు చూడలేదు, కొడుకు వైపే చూస్తోంది. ఒక చెయ్యి మాత్రం మెల్లగా తన ఛాతీ మీదికి పోయింది. రచన గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

నేను మాస్కు ఆయన ముందుకు చాపాను.

"పోతది" అన్నాను. "గందుకే గిది పెట్టుకో, ముక్కు మీదికెల్లి పెట్టు. తలుపు మాత్రం వేసుకో. పక్కోల్ల బట్టల మీద పడ్తది."