ఉపగ్రహం చూసిన విమానాలు

వింగ్ కమాండర్ ఉష పేరు మీద వెళ్తున్న మొదటి ప్లాన్ అది. బంగాళాఖాతంలో జరగబోయే విన్యాసాల్లో మన యుద్ధ విమానాలు తీరం దాటి వెళ్ళి, సముద్రంలో లంగరు వేసిన లక్ష్యాన్ని కొట్టాలి. శత్రువు పాత్ర కట్టిన జట్టు మన రన్‌వేలను ఉపగ్రహంలోంచి చూస్తూ ఉంటుంది. అది పైనుంచి దాటిపోయి మళ్ళీ వచ్చేలోగా పని ముగియాలి. అలాంటి విరామం కోసం వెతికి వెతికి ఉష ఒక సోమవారం పట్టుకుంది. గ్రూప్ కెప్టెన్ జగన్నాధం సంతకమే తరువాయి.

ఆ సాయంత్రం కళింగపట్నం పక్క పేట నుంచి అమ్మ మరిడమ్మ ఫోన్ చేసింది.

"ఒలే, వేట నిషేధం అయిపోతన్నాది. సోమవారం గంగమ్మకి పసుపూ కుంకం ఎట్టి మీ నాన్నోళ్ళు తొలి వేటకి ఎల్తారు. నువ్వు రావా?"

ఉష మ్యాప్ ముందుకు లాక్కుంది; లక్ష్యం ఉన్నది పేటవాళ్ళు వేటాడే నీళ్ళలోనే. "ఆ రోజు ఎల్లొద్దని దండోరా ఏస్తే ఆగుతారా అమ్మా?"

"రెండు నెల్లు ఒడ్డున కూకున్నోళ్ళే. తొలి వేటకి ఎవుడి మాట ఇంటారు?"

వలల మధ్య పుట్టిన పిల్ల. ఉపగ్రహం దారి లెక్కగట్టి, నాన్న పడవ దారి మరిచిపోయింది.

మర్నాడు ఆఫీసులో ఆ సంగతి జగన్నాధానికి తనే చెప్పింది. పక్కనే ఉన్న కుర్ర అధికారి గోపి ముఖం వెలిగింది.

"మంచిదే కదా మేడమ్. అన్ని పడవలుంటే రాడార్‌కి గందరగోళం. ఆ చాటున మన విమానాలు కిందుగా వెళ్ళిపోవచ్చు."

"పడవల్లో వాళ్ళు యుద్ధానికి రాలేదు గోపీ. వాళ్ళ చాటున దాక్కునేది నా ప్లాన్ కాదు."

జగన్నాధం చీపురుపల్లి రైతుబిడ్డ. గోపి వెళ్ళాక ఊరి మాటలోకి దిగాడు. "తేదీ మారిస్తే ఉపగ్రహం నెత్తి మీదే ఉంటాది. ఏటి సేస్తావు? ప్లాన్ ఇంకోడికి ఇచ్చీమంటావా?"

"సాయంత్రం దాకా ఆగండి సార్."

నిషేధం రోజుల్లో ఇసుక మీద పట్టాలు కప్పిన పడవలు ఆమెకు గుర్తొచ్చాయి. పట్టా కింద పడవ ఉందంటే దాని మనిషి ఇంట్లోనే ఉన్నాడనుకుంటారు ఎవరైనా. సాయంత్రం మళ్ళీ వెళ్ళింది.

"గురువారం ఎల్దాం సార్. ఉపగ్రహాన్ని సూడనిద్దాం. ఇక్కడ పట్టాల కింద ఉత్తుత్తి విమానాలు వరసగా ఎడదాం. అసలువి ముందే, అది పైన లేనప్పుడు, లోపలి స్థావరానికి పంపేద్దాం."

"సేలో దిష్టిబొమ్మ ఎట్టినట్టా?"

"పిట్టలు నమ్ముతాయి కదా సార్."

ఆయన నవ్వుతూనే సంతకం పెట్టాడు.

సోమవారం పేట పడవలన్నీ తొలి వేటకి వెళ్ళొచ్చాయి. వేట ముచ్చట తీరింది కనుక గురువారం ఒక పూట ఒడ్డున ఉండమంటే ఎవరూ గొణగలేదు. ఆ ఉదయం ఉపగ్రహం వచ్చి, పట్టాల కింద నిద్రపోతున్న విమానాలను చూసి వెళ్ళింది. ఎదుటి జట్టు తాపీగా ఉండగానే అసలు విమానాలు మరో దిక్కు నుంచి వచ్చి లక్ష్యాన్ని కొట్టేశాయి.

సమీక్షలో అందరూ ఉన్నారు. ఎదుటి జట్టు నాయకుడు ఈ ప్లాన్ ఎవరిదని అడిగాడు. జగన్నాధం ఆమె వైపు చేయి చూపాడు. ఉష లేచి నిలబడింది. తల దించలేదు.

సాయంత్రం నాన్న గంగరాజు ఫోన్‌లోకి వచ్చాడు.

"విమానాలు మన నెత్తి మీంచే ఎల్లాయి. నువ్వే నడిపావేటే?"

"లేదు నాన్నా. ఎప్పుడెల్లాలో, ఎటెల్లాలో నేను సెప్పాను."

ఆయన ఫోన్ పక్కకి తిప్పి, వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళతో అంటున్నాడు:

"ఇన్నారేట్రా? పడవకి దారి సెప్పే సరంగు ఎలాగో, ఆ విమానాలకి మా అమ్మి అలాగంట."