అల్లుడుగారు మేనేజరైతే

ఢిల్లీ కరోల్ బాగ్‌లో నాగేంద్రమ్మ మెస్సుకు అల్లుడు భీమారావు మేనేజరై నెల తిరిగింది. కూతురు అడిగితే కాదనలేకపోయింది. పనిలో పెట్టుకున్న మనిషిని ఒక మాట అనగలగాలి. అల్లుణ్ణి ఏమంటాం?

ఆ రోజు సివిల్స్ పరీక్ష. ఎనిమిదికి బయల్దేరాల్సిన ఇరవై మంది కుర్రాళ్లు ఖాళీ కంచాల ముందు కూర్చున్నారు. వంటమనిషి జోగయ్య పొయ్యి దగ్గర లేడు, అల్లుడుగారి స్నానానికి వేణ్ణీళ్లు మేడమీదికి మోస్తున్నాడు.

"బస్సు పోతుంది ఆంటీ" అని ఒకడు లేచాడు. అందరూ వాడి వెనకే లేచి ఎదుటి పరాఠా బండి మీద పడ్డారు.

జోగయ్య దిగివచ్చి ఖాళీ బకెట్టు విసిరికొట్టాడు.

"నేనెవరి మాట వినాలమ్మా? మీదా, ఆయనదా? తేల్చకపోతే సాయంత్రం రైలెక్కుతా!"

అంతలో భీమారావు తల తుడుచుకుంటూ దిగాడు. "అచ్ఛా, టిఫినేంటి అత్తయ్యగారూ?"

నాగేంద్రమ్మకు ఒళ్లు మండిపోయింది.

"ఇంటికి అల్లుడిగా వస్తే కాళ్లకు నీళ్లిస్తాను బాబూ. మెస్సులో పనిచేస్తే మాత్రం, జోగయ్యను తిట్టినట్టే మిమ్మల్నీ తిడతాను. పడతారా?"

"అల్లుణ్ణి పట్టుకుని ఇంత మాటా!" భీమారావు పెట్టె సర్దుకోవడానికి మేడెక్కాడు.

కూతురు ఏమంటుందో నాగేంద్రమ్మకు తెలుసు. అయినా ఆపలేదు.

"రేపూ పరీక్షే జోగయ్యా. ఆరింటికి ఇడ్లీ దిగకపోతే నీ సంగతి చెప్తా."

"చెప్పండమ్మా" అంటూ అతను పప్పు నానబోశాడు.