కూర్చునే పని

నేను క్యారేజీ సర్దుతుంటే ఆయన బూట్లు తొడుక్కుంటూ అన్నారు. "ఊరికే చేసే పనికి ఇంత హడావుడేంటి నీకు?"

నవ్వొచ్చింది. మరి ఈ వంట, ఈ ఇస్త్రీ ఏ జీతానికి చేస్తున్నానట? చేతిలో ఉన్న క్యారేజీ మూత పెట్టేశాను.

నేను స్వచ్ఛందంగా వెళ్లేది పేదల ఆసుపత్రికి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డుకి. వెచ్చగా ఉంచే పెట్టెలు అక్కడ చాలవు. తల్లికి ఒంట్లో బాగాలేకపోతే, పసిగుడ్డును మాలాంటి ఆడవాళ్లు రొమ్ము మీద, ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టుకుని కూర్చోవాలి. అంతే పని. కానీ మొదటిరోజు ఆ కూర్చోవడమే నాకు చేతకాలేదు. వంతు వచ్చేదాకా ఆగలేక గ్లాసులు కడిగాను, గుడ్డలు మడిచాను, చీపురు కూడా అందుకున్నాను. పెద్ద నర్సు వచ్చి చీపురు లాగేసుకుంది.

"ఊడ్చే మనిషి ఉందమ్మా. మీరు ఊడుస్తుంటే అక్కడ పిల్ల చల్లబడిపోతోంది. పిలిస్తే పలకరేం?"

సిగ్గుతో చచ్చిపోయాను. కాపురానికొచ్చిన కొత్తలో నేను కుర్చీలో కనబడితే చాలు, అత్తగారు "ఒంట్లో బాగోలేదా?" అనేవారు. ఆ భయం ఇంకా కాళ్లలోనే ఉంది.

ఈరోజు నాకిచ్చిన పాప మరీ చిన్నది. తల నా గుప్పిట్లో పట్టేంత. ఉన్నట్టుండి ఊపిరి ఆగింది. నా ప్రాణం పోయినంత పనైంది. నర్సు పరుగున వచ్చి పాదం మీద చిన్నగా తట్టింది. "ఇలాంటి పిల్లలు ఊపిరి తీయడం మర్చిపోతుంటారు. కంగారుపడకండి. మీరు నిదానంగా తీస్తూ ఉండండి, మిమ్మల్ని చూసి తనూ తీస్తుంది."

తీశాను. వదిలాను. పాప కూడా తీసింది. ఇంత చిన్న ప్రాణి నా ఊపిరి వింటూ బతకడం నేర్చుకుంటోంది! నా ఒంటికి ఇంత పని వచ్చని నాకెవరూ చెప్పలేదు. కళ్ల నీళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి కదపలేదు.

అప్పుడే ఆయన ఫోన్. నర్సు నా చెవి దగ్గర పెట్టింది.

"మా ఆఫీసువాళ్లు నలుగురు రాత్రి భోజనానికి వస్తున్నారు. వెంటనే బయల్దేరు. అక్కడ కూర్చోవడమేగా, ఎవరో ఒకరు కూర్చుంటారులే."

నర్సు వైపు చూశాను. ఎవరూ లేరన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"నేను లేవను," అన్నాను.

ఏదో ఒకరోజు ఇల్లదిరేలా అరుద్దామని ఏళ్ల తరబడి దాచుకున్న మాట. పాప నిద్ర చెడుతుందని, గుసగుసగా అన్నాను.