వంతు వచ్చేదాకా

చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చోగానే వెర్లిన్ చేతిలోంచి ఫోర్కు జారింది. భార్య నోలా తీసి ఇచ్చింది. మళ్ళీ జారింది. మాట కూడా కాస్త ముద్దగా వస్తోంది.

"అంబులెన్సుకి ఫోన్ చెయ్యనా?"

"చెయ్యి, చెయ్యి. ఇంటి ముందు సైరన్ మోగిందంటే సాయంత్రానికల్లా చర్చి ఆడవాళ్ళంతా కూర గిన్నెలు పట్టుకుని దిగుతారు. బతికుండగానే నా చావు భోజనాలు పెట్టేస్తారు. చెయ్యి తిమ్మిరెక్కిందే, అంతే!"

"పోనీ, కారులో పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్తాను."

"మీ తమ్ముడు కాలు విరగ్గొట్టుకుని పోతే రోజంతా కుర్చీలో కూర్చోబెట్టారు, మర్చిపోయావా? చచ్చేవాళ్ళు పోయే చోటది. నాకేమైందని?"

టెనెస్సీ కొండల్లో ఆ ఊరికి ఆసుపత్రి చాలా దూరం. కొండ దిగితే మాత్రం రోడ్డు పక్కనే అర్జంట్ కేర్ క్లినిక్ ఉంది. జలుబుకీ బెణుకుకీ అందరూ అక్కడికే పోతారు. పైగా ఫోన్లోనే వరస పట్టుకుని, వంతు వచ్చేదాకా ఇంట్లో హాయిగా ఉండొచ్చు. నోలా వరస పట్టింది. ఆదివారం కదా, వంతు సాయంత్రానికి దొరికింది.

దొరికిందన్న ధీమాతో ఆవిడ గిన్నెలు కడిగింది, సోఫాలో పడుకున్న మొగుడికి దుప్పటి కప్పింది. ఊరందరికీ సలహాలు చెప్పే మనిషికి ఆ మధ్యాహ్నం బుద్ధి ఎక్కడికి పోయిందో! రోగం వరసలో నిలబడుతుందా?

వంతు వేళకి లేపేసరికి వెర్లిన్ నోరు ఒక పక్కకి వంగిపోయింది. కుడి కాలు కదల్లేదు. పక్కింటివాళ్ళు కారులోకి ఎక్కించారు.

క్లినిక్ గుమ్మంలోనే నర్సు ఆయన మొహం చూసి ఫోన్ అందుకుంది.

"అమ్మా, ఇది పక్షవాతం. తలకి స్కాన్ తీసే మిషనే లేదు మా దగ్గర. ఇక్కడికెందుకు తెచ్చారు?"

"మీరే ఈ టైమిచ్చారు కదమ్మా," అంది నోలా.

వద్దనుకున్న అంబులెన్సే వచ్చి తీసుకెళ్ళింది. ఎమర్జెన్సీలో ఎవరూ కుర్చీ చూపించలేదు. తలుపులు తీసి, మంచంతో సహా లోపలికి పరుగెత్తించారు. స్కాన్ చూసిన కుర్ర డాక్టరు బయటికొచ్చాడు.

"ఆయన ఆఖరిసారి మామూలుగా ఎప్పుడున్నారు?"

"భోజనానికి కూర్చున్నప్పుడు."

"మధ్యాహ్నమా?" డాక్టరు గోడ గడియారం వైపు చూశాడు. "తలలో రక్తపు గడ్డని కరిగించే మందుంది. దానికి గడువు దాటిపోయిందమ్మా. ఇప్పుడిస్తే తలలో రక్తం చిమ్ముతుంది. మెదడులో ఎడమ సగం ఇప్పటికే పోయింది."

"ఇంకేదైనా చెయ్యండి బాబూ."

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. నోలాకి ఏడవడానికి కూడా సిగ్గేసింది. మొగుడు వద్దన్నాడు నిజమే, కానీ ఆయన మాట ఆవిడ ఏనాడు విన్నది గనక?

లోపల వెర్లిన్ ఆవిడనే చూస్తున్నాడు. "నో..." అన్నాడు. ఆవిడ పేరు కూడా పూర్తిగా రాలేదు. అడుగుతున్నది కళ్ళలో తెలుస్తూనే ఉంది.

"సమయానికే వచ్చాం," అంది నోలా. "మందెక్కిస్తున్నారు. తగ్గిపోతుంది."

గొట్టంలో ఎక్కుతున్నది ఉత్త సెలైన్. వెర్లిన్ నమ్మాడు. బాగున్న చేత్తో ఆవిడ వేళ్ళు గట్టిగా నొక్కాడు.