వంటింట్లోంచి గొంతు

"అమ్మా, నువ్వు కనిపించక్కర్లేదు. వంటింట్లోంచి అరిస్తే చాలు."

కూతురి మాటకు ఆమె పాలగిన్నె మీంచి చూపు తిప్పకుండానే తలూపింది. కూతురూ, ఆమె కాలేజీ స్నేహితులూ కలిసి ఫోనుతో కామెడీ సినిమా తీస్తున్నారు. బ్యాండు పెట్టి పేరు తెచ్చుకోవాలని ఉబలాటపడే పిల్లల కథ. డ్రమ్ములు కొనుక్కోలేక గిన్నెలు వాయిస్తారు. ఆ గిన్నెలు ఆమెవే. సెలవులన్నీ వాళ్లకి టీలు అందించిందీ, సొట్టలు పడ్డ గిన్నెల్ని మళ్లీ తోముకుందీ ఆమే. సినిమాలో తల్లికున్న పనల్లా "ఆపండర్రా మీ గోల!" అనడం. ఆ అరుపు అప్పుడే రికార్డు చేసేసుకున్నారు.

కాలేజీ రోజుల్లో ఆమె స్టేజీ ఎక్కితే వెనక వరసల్లో గుసగుసలు కూడా ఆగిపోయేవి. ఆ సంగతి ఇంట్లో భర్తకొక్కడికే తెలుసు. పెళ్లైన కొత్తలో "ఇంక ఆ నాటకాలేవో నా ముందే ఆడు" అని నవ్వేసి, తర్వాత మర్చిపోయాడు.

"ఒక్కసారి నన్నూ కనబడనివ్వవే," అని షూటింగు ఆఖరి రోజున అడిగేసింది. అడిగాక సిగ్గేసింది.

"దానికేం భాగ్యం ఆంటీ, రండి!" అంది ఫోను పట్టుకున్న పిల్ల.

ఇస్త్రీ చీర కట్టుకుని గుమ్మం దాటి వచ్చింది. అరవాలి. కానీ ఎదురుగా తన గిన్నె బోర్లా పడి ఉంది. చేతిలోకి తీసుకుని సొట్ట మీద వేలితో రాసింది. గిన్నెను మళ్లీ పిల్లల ముందు పెట్టి, "ఏదీ, ఇంకోసారి వాయించండి. వింటాను," అంది మెల్లగా. ఎవరూ రాసివ్వని మాట. పిల్లలు వాయించడం మర్చిపోయి ఆమెనే చూశారు. ఫోను పిల్ల కళ్లు తుడుచుకుంటూ, "చంపేశారు ఆంటీ," అంది.

సినిమా చూపించే రోజు హాలు నిండా చుట్టాలు. ఆమె కూడా, పనులన్నీ ముందే ముగించుకుని, కుర్చీ వేసుకుని కూర్చుంది. తెర మీద వంటింట్లోంచి అరుపు వినబడగానే అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. "అచ్చం మా కోడలే! పొద్దస్తమానం ఇదే వరస," అన్నారు అత్తగారు. ఆమె కూడా నవ్వింది. తన ముఖం ఇప్పుడొస్తుంది, ఇంకాసేపట్లో వస్తుందని చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చూసింది. పిల్లలు పోటీ గెలిచారు, గంతులేశారు, సినిమా అయిపోయింది.

"నాదేదే?"

"అక్కడికొచ్చేసరికి చూసినవాళ్లందరూ ఏడుపుముఖాలు పెడుతున్నారమ్మా, కామెడీ పాడైపోతోందని తీసేశాం. నీ గొంతు మాత్రం అదిరింది!"

"గొంతు వినబడింది చాలదూ, ముఖం కూడా కావాలా మహాతల్లికి?" అన్నాడు భర్త. మళ్లీ నవ్వులు.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది.

"అమ్మా, అందరికీ మంచినీళ్లు!" అని హాల్లోంచి కూతురు పిలిచింది.

"ఏదీ, సినిమాలోలాగా ఒక్క అరుపు అరువు, విందాం!" అన్నాడు భర్త.

హాలంతా చెవులు రిక్కించింది. ఆమె పెదవులు బిగించుకుంది. ఈ గొంతు ఇంక వీళ్లకి వినిపించకూడదనుకుంది.

చేతులు మాత్రం అప్పటికే గ్లాసులు నింపుతున్నాయి.