రాసే పని ఆడపిల్లలది

“పది దినాలు సద్ది ఎవురు కట్టల్ల?”

పెనుకొండలో టీచర్ల కంప్యూటర్ శిక్షణకు నన్ను వేస్తూ వచ్చిన ఆర్డరు చదివి మా ఆయన అడిగిన మొదటి మాట అది. మా అత్త నల్లమ్మ వంటింట్లోంచే అందుకుంది. “ఆ బడిలో మొగోల్లే లేరా? ఈమెనే పంపల్లనా?”

నేనే కడతానన్నాను. అది రెండువేల అయిదు, ఎండాకాలం సెలవులు. నాలుగింటికి లేచి సంగటి కెలికి, చెనిక్కాయల చట్నీ నూరి, మా ఆయనకు సద్ది కట్టి, అత్తకూ కూతురు శైలజకూ మూతలు పెట్టి, హిందూపురంలో ప్యాసింజరు ఎక్కేదాన్ని. పెనుకొండ దాకా ఒకటే గుబులు. గ్యాసు కట్టేశానా? శైలజ మిద్దె మెట్ల మీంచి పడిందేమో. నేను దిగేలోపు ఎవరైనా స్టేషనుకు ఫోన్ చేసి ఉంటారేమో. నా బుర్ర ఎప్పుడూ చెడ్డ కబురు కోసమే ఎదురుచూస్తుంటుంది.

అక్కడ నలుగురికి ఒక కంప్యూటర్. మా జట్టులో తక్కిన ముగ్గురూ మగవాళ్ళు. ధర్మవరం నుంచి వచ్చే విజయ్ కుమార్ సారు మొదటి రోజే మౌస్ మీద చెయ్యి వేసి, “మేడమ్, మీ రాత అచ్చు గుద్దినట్టుండాది. మీరు రాస్తా ఉండండి, మేం నొక్కుతాం” అన్నాడు. నాకు కోపం రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే కోపం వచ్చేది ఆ హమ్మయ్యకే. పదో తరగతి, ఆపైన టీచరు ట్రైనింగు, అంతే నా చదువు. ఇంట్లో గ్రైండరు స్విచ్ వెయ్యడానికే భయపడేదాన్ని. ఎనిమిదో రోజు మాకు నేర్పే సరస్వతమ్మ మేడమ్ కుర్చీ ఖాళీ చేయించి, “రండి, ఒక్కసారి పట్టుకోండి” అన్నారు. “వద్దు మేడమ్, ఏమన్నా అయితే?” అన్నాను. “మేడమ్ చెయ్యి పెడితే ఊరంతా కరెంటు పోతాది” అన్నాడు విజయ్ కుమార్ సారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మౌస్ ముట్టుకోలేదు. ఆఖరి రోజు నా నోట్సు జిరాక్సు తీసి అందరికీ పంచారు. పైన విజయ్ కుమార్ సారు పేరు రాసుంది.

లేపాక్షి దగ్గర మా బడికి జూలైలో రెండు కంప్యూటర్లు దిగాయి. “ట్రైనింగైనోల్లు మీరే కదమ్మా, ఇంక మీదే భారం” అని గది తాళం చేతిలో పెట్టాడు హెడ్మాస్టరు సంజీవప్ప సారు. ఏడో తరగతితో మొదలుపెట్టాను. అందులో శైలజ కూడా ఉంది. కళ్ళముందే ఉండాలని నా బడిలోనే వేసుకున్నాను. నేను నోట్సు చదివేదాన్ని, పిల్లలు చేసేవాళ్ళు. నాకు రాదన్న సంగతి అంత సులువుగా దాచేశాను. మౌస్ దగ్గర మగపిల్లలు, వెనక వరుసలో పుస్తకాలతో ఆడపిల్లలు. వాళ్ళకు తెర కనిపించేది, మగపిల్లల చేతులు కనిపించేవి కావు. అలా కూర్చోమన్నది నేనే. ఎందుకని ఒక్కరోజూ ఆలోచించలేదు.

శైలజకు మెట్టు మెట్టూ కంఠస్థం. “అది కాదురా గిరీ, ఎడమపక్కది రెండు తూర్లు నొక్కు” అని వెనకనుంచి అరిచేది. అందుకే డిసెంబరులో పెనుకొండలో పిల్లలకు కంప్యూటర్ పోటీ పెడితే దాని పేరే రాశాను. నా కూతురు గెలిస్తే మా ఇంట్లో వాళ్ళ నోళ్ళు మూతపడతాయనుకున్నాను.

పోటీ రోజు కిటికీలోంచి చూస్తున్నాను. పిల్లకొక కంప్యూటర్. గంట కొట్టారు. శైలజ మౌస్‌ను పైకెత్తి, సుద్దముక్క పట్టినట్టు పట్టుకుని తెరకు ఆనించింది. కదల్లేదని ఇంకా గట్టిగా అదిమింది. పక్క పిల్లలు కిసుక్కున నవ్వారు. మళ్ళీ బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో దాచుకుని, ముగింపు గంట కొట్టేదాకా అలాగే కూర్చుంది.

తిరుగు రైల్లో శైలజ నావైపు చూడకుండానే అడిగింది.

“మ్మా, ఒక్క తూరన్నా మౌస్ నాకెందుకు ఈలేదు నువ్వు?”

నాకూ ఎవరూ ఇవ్వలేదని చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది. మా ఆయన, అత్త, విజయ్ కుమార్ సారు వరసగా కళ్ళముందు నిలబడ్డారు. కానీ బడిలో దాన్ని వెనక కూర్చోబెట్టిన చెయ్యి వాళ్ళది కాదు.

“తప్పు నాదే శైలూ. సోమవారం నుంచి ముందర నువ్వు కూర్చో. నీ పక్కన నేను కూర్చుంటాను.”

“మనల్ని చూసి నవ్వుతారు.”

“నవ్వనీ.”

“నాకు రాదు మా.”

“నాకూ రాదు,” అన్నాను.

శైలజ అప్పుడు తలతిప్పి నన్ను చూసింది. తను ఇన్నాళ్ళూ నమ్మిన, అన్నీ తెలిసిన టీచరమ్మ ఇక లేదని దాని కళ్ళల్లో చదివాను. నేను కళ్ళు దించుకోలేదు.